బియ్యం, రొక్కం, తీరిక: జగిత్యాల–సిరిసిల్ల నేలలో ఇంటి కానుకల చరిత్ర

గొల్లపల్లిలో గానీ, కోరుట్లలో గానీ, సిరిసిల్ల నేత వాడల్లో గానీ ఇవాళ పిల్లల పుట్టినరోజంటే కేకు ఉండాల్సిందే. దీని గురించి రెండు మాటలు తరచుగా వినిపిస్తుంటాయి. పరాయి అలవాటు వచ్చి మన పిండివంటల్ని వెళ్లగొట్టిందని కొందరు బాధపడతారు. ఇంట్లో చేసే కేకులు, పిల్లలు రంగు కాగితాలతో చేసిచ్చే కార్డులు మళ్లీ పాతకాలపు ఆప్యాయతను తెచ్చాయని మరికొందరు సంతోషిస్తారు. రెండు మాటల వెనకా మంచి మనసే ఉంది గానీ, రెండూ చరిత్రకు నిలవవు. ఈ ప్రాంతంలో సామాన్యుల ఇళ్లకు పుట్టినరోజు పండుగే కొత్తది. లేని వంటకాన్ని కేకు వెళ్లగొట్టలేదు. అలాగే పాతకాలపు ఇంటి కానుకలను ఎవరూ 'ఇంట్లో చేసినవి' అని మెచ్చుకుని పుచ్చుకోలేదు, ఎందుకంటే కొన్నవాటితో పోల్చి చూసే అవసరం అప్పుడు లేదు. ఈ నేల మీద కానుక విలువ అందులో పడిన అరుదైన సరుకును బట్టి నిలిచింది. ఒకప్పుడు ఆ సరుకు బియ్యం. తర్వాత రొక్కం అయింది. ఇప్పుడు తీరిక అయింది. సకినాల గంప నుంచి కుక్కరు కేకు దాకా జరిగిన మార్పంతా ఈ వరసలోనే అర్థమవుతుందని నా వాదన.

ముందు పుట్టినరోజు సంగతి. దక్కనులో ఏటేటా పుట్టినరోజు జరుపుకోవడం చాలాకాలం ఎక్కువగా రాజులకే చెల్లింది. 1580 నుంచి 1612 దాకా గోల్కొండను ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్ షా తన పుట్టినరోజు వేడుకల మీద దక్కనీలో కవితలు రాసుకున్నాడు. నిజాం కాలంలోనూ పాలకుడి సాల్‌గిరా, అంటే పుట్టినరోజు, రాజ్యమంతటికీ పండుగ. జాతకాలు రాయించుకునే ఇళ్లలో జన్మ నక్షత్రం గుర్తుండేది, ఆ రోజు పిల్లలకు తలంటి పాయసం వండేవారు. మిగిలిన ఊరికి మాత్రం పుట్టిన తేదీతో పని పడలేదు. వయసును సంఘటనలతో లెక్కపెట్టుకునేవారు: ఫలానా కరువు ఏడు, రజాకార్ల కాలం, పోలీసు చర్య జరిగిన యేడాది. తేదీ కాగితాల వెంట వచ్చింది. బడిలో చేర్చుకునేటప్పుడు పంతులు అంచనాగా రాసిన తేదీయే ఎంతోమందికి మొదటి పుట్టినరోజు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అయితే ఈ ప్రాంతంలో చట్టం కంటే గట్టిగా పనిచేసింది గల్ఫ్ ప్రయాణం. దుబాయికో మస్కట్‌కో పోవాలంటే పాస్‌పోర్టు కావాలి, పాస్‌పోర్టుకు తేదీ కావాలి. 1989 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు జనన ధ్రువపత్రం చూపాలన్న నిబంధన చాలా ఏళ్లు నడిచింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఊళ్ల నుంచి డెబ్బైల దశకంలో మొదలైన వలస ఒక తరం మగవాళ్లకు జీతంతో పాటు అచ్చులో ఒక జన్మదినాన్ని కూడా ఇచ్చింది. పుట్టినరోజు జరుపుకోవాలంటే ముందు అది ఏ రోజో ఇంట్లో తెలిసి ఉండాలి గదా.

మరి అంతకుముందు పిల్లల కోసం ఏ వేడుకా లేదా అంటే, ఉండేవి. అయితే అవి యేటేటా వచ్చేవి కావు, జీవితంలో ఒక్కొక్కసారి వచ్చేవి. ఇరవయ్యొకటో రోజు తొట్టెల, ఆ తర్వాత పుట్టువెంట్రుకలు, పెద్దయ్యాక పెళ్లి, శ్రీమంతం. పుట్టువెంట్రుకలకు వేములవాడ రాజన్న దగ్గరికో, కొండగట్టుకో, ధర్మపురికో పోయేవారు. మొదటి కత్తెర మేనమామది, కొత్తబట్టలు పెట్టేదీ మేనమామే. మొదటి కాన్పు తల్లిగారింట్లో జరిగేది. బాలింతకు శొంఠి, పిప్పళ్లు, బెల్లం, నెయ్యి వేసి కాయం చేసేవారు. బిడ్డకు బొంత కుట్టేవారు. దానికి కొత్తగుడ్డ పనికిరాదు. ఎన్నో ఉతుకులకు మెత్తబడిన అమ్మమ్మల, అత్తల చీరలను పొరలు పొరలుగా పరిచి, అంచు నుంచి లోపలికి పొడుగు కుట్లు వేసుకుంటూ పోతారు. కుట్టు వదులైతే పొరలు ఉండలు కడతాయి, బిగువైతే బొంత గట్టిబడి బిడ్డకు ఒత్తుకుంటుంది. ఒక చిన్న బొంతకైనా చాలా మధ్యాహ్నాలు పట్టేవి. ఈ కానుకలన్నిటికీ ఒక పోలిక ఉంది. వాటిని ఎవరికి ఎవరు ఇవ్వాలో ముందే తెలుసు. ఇవ్వడం ఇష్టాన్ని బట్టి కాక వరసను బట్టి జరిగేది. మేనమామ పెట్టకపోతే మాట పడేవాడు, తల్లిగారు పెట్టకపోతే కోడలు మాట పడేది. చేత్తో చేసిన కానుకంటే ప్రేమ ఒక్కటే అనుకునేవారు ఈ బాధ్యత బరువును మరవకూడదు.

ఇప్పుడు బియ్యం. ఈ జిల్లాల్లో చెరువుల కింద వరి పండేది. కాని ఎక్కువమంది కంచంలో రోజూ కనిపించింది జొన్న రొట్టె, మక్క గట్క. తెల్లటి అన్నం పండుగకు, చుట్టానికి, రోగికి. ఆ సంగతి గుర్తుంచుకుంటే ఈ ప్రాంతపు కానుకలు బియ్యం చుట్టూనే ఎందుకు తిరిగాయో తెలుస్తుంది. ఒడిబియ్యం చూడండి. పెళ్లయిన బిడ్డను తల్లిగారింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యాన్ని దోసిళ్లతో ఆమె ఒడిలో పోస్తారు. దాంతో పాటు కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, వక్కలు, రవికె, చీర. పెళ్లిలో మొదలై, కొన్నేళ్లకొకసారి బేసి లెక్కన మళ్లీ జరుగుతుంది. ఆమె ఆ బియ్యాన్ని అత్తగారింటికి తీసుకుపోయి వండి, పోలెలు చేసి వాడకట్టుకు పెడుతుంది. రోజూ గట్క తాగే ఊళ్లో ఇన్ని శేర్ల బియ్యం ఒక ఆడబిడ్డ కొంగున కట్టి పంపడం ఎంత పెద్ద మాటో ఇప్పటి కళ్లతో ఊహించడం కష్టం.

సకినాలదీ అదే బాట. సంక్రాంతి నాటికి కొత్త బియ్యం ఇంటికొస్తాయి. వాటిని నానబెట్టి, నీళ్లు వంపి, తడి పూర్తిగా ఆరకముందే దంచి జల్లించాలి. ఆ పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి నీళ్లతో తడుపుతారు. నేల మీద పరిచిన ఉతికిన బట్ట చుట్టూ ఆడవాళ్లు కూర్చుంటారు. పిడికెడు పిండి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలి తిప్పుతూ గుండ్రంగా చుట్టలు వేస్తారు. మూడు చుట్లు, నాలుగు, చేయి తిరిగినవారైతే ఐదు. పిండి గట్టిగా ఉంటే మెలిలోనే తెగుతుంది, పలుచనైతే చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కాస్త ఆరాక బట్ట మీది నుంచి విరగకుండా జార్చి నూనెలో వేస్తారు. పెళ్లయిన యేడాది అల్లుడి ఇంటికి ఇవి గంపలకొద్దీ పోతాయి, అవతలివాళ్లు వాడకట్టంతా పంచుతారు. గంప నిండా సకినాలంటే అప్పటి లెక్కలో కొత్త బియ్యం, నువ్వులు, ఒక గిన్నెడు నూనె, ఒక పూటంతా ఇరుగుపొరుగు ఆడవాళ్ల చేతులు. మొదటి మూడూ అరుదు, చేతులు మాత్రం దండిగా ఉండేవి. ఈ సారి నేను నీ ఇంటికి వస్తే, రేపు నువ్వు నా ఇంటికి వస్తావు. అందుకే ఆ కాలంలో చేతిపనికి విడిగా విలువ కట్టినవారు లేరు.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజంగా వస్తుంది. ఆచారాన్ని సరుకుల లెక్కలోకి దించుతున్నావు, ఒడిబియ్యంలో ఉన్నది శుభం, తల్లిగారి దీవెన, దాన్ని అరుదైన ధాన్యమని చెప్పడం చిన్నచూపు కదా అని. దీవెనను కాదనడం లేదు. దీవెనను మోసే వస్తువుగా ఈ సమాజం ఏది ఎంచుకుందన్నదే ప్రశ్న. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు తూకం వేసి సమర్పించే బెల్లాన్ని భక్తులు బంగారమనే పిలుస్తారు. రోజూ తీపి దొరకని ఇళ్లకు బెల్లం ఎంత విలువైనదో ఆ మొక్కులోనే ఉంది. సద్దుల బతుకమ్మ నాడు పంచే మలీద కూడా అంతే, రొట్టెను చిదిమి బెల్లం కలిపిన ముద్ద. రోజూ తినే రొట్టెకు బెల్లం తోడైతే పండుగ ఫలహారమైంది. ఇవన్నీ ఒకే దిక్కు చూపుతున్నాయి. తమకు దుర్లభమైనదాన్ని తీసి ఇవ్వడంలోనే దీవెన ఉందని ఈ ఊళ్లు నమ్మాయి.

రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది. బియ్యం అరుదు కావడమే కారణమైతే, బియ్యం దండిగా వచ్చాక ఈ కానుకలు పోవాలి గదా, పోలేదేం? నిజమే. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేశారు. తర్వాత కాకతీయ కాలువ నీళ్లు జగిత్యాల పొలాలకు వచ్చాయి, వరి పెరిగింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాక పేదింట్లోనూ అన్నం రోజువారీ తిండి అయింది. బియ్యం మామూలు సరుకైపోయింది. ఒడిబియ్యంలో జరిగిన మార్పు ఇప్పుడు అందరికీ కనబడుతుంది. బియ్యం నామమాత్రంగా ఉండి, చూసేవాళ్ల దృష్టి చీర మీదికి, బంగారం మీదికి, ఫంక్షన్ హాల్ భోజనాల మీదికి పోయింది. సకినాలు నిలిచాయంటే వాటిలో ఇంకో దుర్లభమైన సరుకు చేరింది గనుక. అదే చేతుల తీరిక.

చేతులకు తీరిక ఎలా పోయిందో చెప్పడానికి ఈ ప్రాంతం కంటే మంచి సాక్ష్యం దొరకదు. సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ఊళ్లలో తరాలుగా ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపి కత్తిరించిన తునికాకు. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని. కార్ఖానా గంటల లెక్క లేదు, ఇంటి అరుగు మీదే పని, కాబట్టి ఇంటి తీరికంతా పనిలోకి పోతుంది. బీడీ కార్మికుల చట్టం 1966లో, సంక్షేమ నిధి చట్టం 1976లో వచ్చాయంటే ఈ పని దేశంలో ఎంత విస్తరించి ఉందో తెలుస్తుంది. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు విడిగా పింఛను పెట్టారు, 2019 నుంచి అది 2,016 రూపాయలు. వెయ్యికి ఇంత అన్న రేటు ఒకసారి ఇంట్లోకి వచ్చిందంటే ప్రతి గంటకూ ధర పడినట్టే. పక్కింట్లో సకినాలు చుట్టడానికి పోయిన పూట ఎన్ని బీడీలు తక్కువయ్యాయో ఆమెకు తెలుసు. బీడీ చుట్టే వేళ్లూ సకినాలు చుట్టే వేళ్లూ అవే. ఒకదానికి ధర వచ్చింది, ఇంకోటి ఉచితంగా మిగలడం కష్టమైంది. సిరిసిల్లలో మగ్గాల కథా ఇంతే. చేమగ్గం మీద ఇల్లంతా కలిసి పనిచేసేది: కండెలు చుట్టేది ఒకరు, పడుగు సరిచేసేది ఒకరు. మరమగ్గం వచ్చాక పని షెడ్డుకు మారింది, మీటరు లెక్కన కూలి అయింది. ఇప్పుడు సంక్రాంతికి చాలా ఇళ్లలో సకినాలు చుట్టడానికి కూలికి మనుషుల్ని పిలుస్తున్నారు, లేదా కిలోల చొప్పున కొంటున్నారు. బదులుగా నడిచిన చేతిపని రొక్కంగా మారింది.

ఆ రొక్కం తోడుగా వచ్చిందే కేకు. దాని సొంత చరిత్ర ఇక్కడిది కాదు. పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తులు పెట్టే అలవాటు పద్దెనిమిదో శతాబ్దపు జర్మనీ నుంచి తెలుస్తోంది. ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ 1843లో బేకింగ్ పౌడర్ కనిపెట్టాక మామూలు ఇళ్లలో కేకు సులువైంది. మన దేశంలో తొలి క్రిస్మస్ కేకును 1883లో తలశ్శేరిలో మంబళ్లి బాపు చేశాడని చెబుతారు. హైదరాబాద్‌లో దేశ విభజన తర్వాత సింధు నుంచి వచ్చిన కుటుంబం 1953లో మొజంజాహి మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ తెరిచింది. బెంగళూరులో 1898లో మొదలైన అయ్యంగార్ బేకరీల బాణీ బోర్డుల రూపంలో తెలంగాణ చిన్నపట్నాల దాకా వచ్చింది. గొల్లపల్లి వంటి ఊరికి కేకు జగిత్యాల నుంచి రావాలి, అంటే బస్సు చార్జీ, రొక్కం, విరగకుండా ఒళ్లో పట్టుకుని వచ్చే ఓపిక కావాలి. ఆ దశలో అరుదైనది పట్నపు వస్తువే. గల్ఫ్ నుంచి వచ్చే కంబళ్లు, అత్తర్లు, పాలపొడి డబ్బాలు కానుకలుగా ఎందుకు మెరిశాయో కూల్ కేకు కూడా అందుకే మెరిసింది. దాన్ని ఆడంబరమని తీసిపారేయడం అన్యాయం. తండ్రి రెండేళ్లకొకసారి వచ్చే ఇంట్లో, ఆయన పంపిన డబ్బుతో తెచ్చిన కేకు మీద బిడ్డ పేరు క్రీముతో రాసి ఉంటే, ఆ తల్లి దాన్ని ఫొటో తీయించి పంపితే, అందులో ఉన్నది మోజు కాదు. ఇంట్లో లేని మనిషి వంతు అక్కడ కనబడింది. బియ్యం పోసిన చేతులు చేసిన పనినే ఆ డబ్బు చేసింది.

తర్వాత రొక్కం పాతబడింది. బేకరీ ప్రతి మండల కేంద్రానికీ వచ్చింది, అర కిలో కేకు రోజువారీ వస్తువైంది. ఇంటి కేకుకు విలువ అప్పుడే పెరిగింది. దాని వెనక సరంజామా కూడా నిదానంగా చేరుతూ వచ్చింది. కట్టెల పొయ్యి మీద కేకు కుదరడం కష్టం. మంటను ఒకే తీరుగా చాలాసేపు ఉంచాలి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక గ్యాసు పొయ్యి పేదిళ్లకూ చేరింది. ఓవెన్ లేని ఇంట్లో ఆడవాళ్లు కుక్కరునే ఓవెన్ చేసుకున్నారు. అడుగున ఇసుకో దొడ్డుప్పో పోసి, మీద చిన్న స్టాండు పెట్టి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, ఖాళీ కుక్కరును ముందు వేడెక్కనిస్తారు. నెయ్యి పూసి పిండి చల్లిన గిన్నెలో కలిపిన పిండి పోసి లోపల పెడతారు. సన్నమంట మీద ముప్పావుగంట దాకా పడుతుంది. పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. మధ్యలో మూత తీస్తే పొంగిన కేకు కుంగిపోతుంది, అందుకని దాని ముందు ఓపికగా కూర్చోవాల్సిందే. 2020 లాక్‌డౌన్‌లో బేకరీలు మూతపడ్డప్పుడు ఇంటింటా బిస్కెట్లు పొడి చేసి, పాలు, ఈనో కలిపి చేసిన కేకు కూడా ఇదే పద్ధతి. అందరికీ తీరిక ఒక్కసారిగా దొరికిన ఆ నెలల్లోనే ఇంటి కేకులు అంతగా పెరగడం నా వాదనకు అనుకోకుండా దొరికిన పరీక్ష. సరుకు మామూలే, దొరికింది తీరికే.

చేత్తో చేసిన ఇతర కానుకలకూ ఈ లెక్క వర్తిస్తుందా అని సిరిసిల్లను అడగొచ్చు. ముప్పై వేల పైచిలుకు మరమగ్గాలున్న ఊరిది. అక్కడి నల్ల పరంధాములు, ఆయన కొడుకు విజయ్ అగ్గిపెట్టెలో పట్టే చీరను నేసి పేరు తెచ్చుకున్నారు. వెల్ది హరిప్రసాద్ జీ20 గుర్తును చేత్తో నేసి ప్రధానికి పంపితే, 2022 నవంబరు 27 నాటి మన్ కీ బాత్‌లో ఆ కానుక ప్రస్తావనకు వచ్చింది. మీటర్ల లెక్కన బట్ట దొర్లే ఊళ్లో ఒక్క మనిషి రోజులు వెచ్చించి నేసిన చిన్న ముక్క అంతదూరం పోయింది. అదే ఊరి నేతన్నలకు పని దొరకాలని 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టింది. దాదాపు కోటి మంది ఆడవాళ్లకు పండుగ కానుక. సంక్షోభంలో ఉన్న మగ్గాలకు అది నిజంగా ఊపిరి పోసింది, ఆ మేలును తక్కువ చేయకూడదు. అయినా మొదటి యేడాదే చాలాచోట్ల నాణ్యత బాగోలేదని నిరసనలు వచ్చాయి. ఆడబిడ్డకు పుట్టింటివారు పెట్టే చీర తీరులో ఆ చీరను చూపారు గనుక, పుచ్చుకున్నవాళ్లు కూడా పుట్టింటి చీరను చూసే కన్నుతోనే చూశారు. ఇచ్చినవాళ్లు తమ కోసం దేన్ని వదులుకున్నారన్న ప్రశ్నకు కోటి చీరల పంపిణీ జవాబు చెప్పలేదు.

చివరిగా ఒక అభ్యంతరం, అన్నిటికన్నా న్యాయమైనది. ఇంటి కానుకలను మెచ్చుకుంటున్న కొద్దీ ఆడవాళ్ల మీద పని పెరుగుతుంది, తీరికను అరుదైన సరుకంటున్నావు గానీ ఆ తీరిక ఎవరిది? ఇది తోసిపుచ్చేది కాదు. సకినాల గంపలు అత్తగారింటి గౌరవం కోసం నిద్ర లేకుండా పనిచేసిన తల్లుల నడుములను వంచాయి. ఆ రోజులు మళ్లీ రావాలని కోరుకోవడం నా ఉద్దేశం కాదు. కూలికి చుట్టేవారికి, ఇంట్లో కేకులు చేసి అమ్మేవారికి డబ్బు ముట్టడం మంచిదే. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారానికి 100 రూపాయల రుసుముతో నమోదు చేసుకునే వీలిచ్చాయి. ఇంటి వంటను పనిగా ఒప్పుకోవడంలో అదొక మెట్టు. అయితే సకినానికీ కేకుకూ పనిలో ఒక తేడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. సకినాలకు పదిమంది చేతులు కావాలి, చిన్నప్పటి నుంచి తిరిగిన వేళ్లు కావాలి. అందుకే ఆ పని ఆడవాళ్ల గుంపులోనే తరం నుంచి తరానికి పోయింది, మగవాళ్లు అందులో కూర్చోవడం అరుదు. కుక్కరు కేకుకు ఒక్కరు చాలు, కొలత తెలిస్తే చాలు. పదేళ్ల పిల్లవాడు అమ్మ పుట్టినరోజుకు చేయగలడు. గల్ఫ్ క్యాంపు గదుల్లో వంతుల ప్రకారం ఏళ్లకొద్దీ వండుకుని తిరిగొచ్చిన నాన్న కూడా చేయగలడు, వంటింటి పని ఆయనకు కొత్త కాదు. ఈ ఊళ్లలో కుటుంబ కానుకల చరిత్రలో మగవాడు తన చేత్తో వండి, వరస అడగకపోయినా భార్యకో బిడ్డకో పెట్టడానికి వీలిచ్చిన మొదటి తీపి వంటకం బహుశా కేకే.